కీమో తర్వాత పేగుల పునరుద్ధరణ: వరంగల్ రోగి విషయంలో లెక్క ఎక్కడ మారుతుంది?

నర్సంపేట, పరకాల, ములుగు వైపు పల్లెల్లో జ్వరం వచ్చిన మనిషి మొదట వెళ్లేది ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికే. అక్కడ ఒక సూది, మూడు రోజుల మాత్రలు. తగ్గకపోతే మండల కేంద్రంలోని క్లినిక్‌లో మరో రకం మాత్రలు. అప్పటికీ తగ్గకపోతే హన్మకొండలో ఏదో ఒక ఆసుపత్రిలో చేరి నాలుగైదు రోజులు సెలైన్‌తో పాటు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు. డెంగీ, టైఫాయిడ్ పరీక్షలన్నీ అయ్యాక, ప్లేట్‌లెట్లు ఎందుకు పడిపోయాయో అంతుపట్టక ఎవరో ఒకరు రక్తపు చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, ఎదగని తెల్లకణాలు గుంపులుగా కనిపిస్తాయి. తీవ్ర మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఈ ప్రాంతంలో బయటపడే తీరు తరచు ఇదే. కాగితాలు పట్టుకొని వరంగల్ ఎంజీఎం నుంచో, ప్రైవేటు ఆసుపత్రి నుంచో హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో నిమ్స్‌కో చేరేసరికి రోగి ఒంట్లోకి రెండు మూడు రకాల యాంటీబయాటిక్‌లు వెళ్లి ఉంటాయి. కీమో ఇంకా మొదలు కాలేదు; పేగుల్లోని సూక్ష్మజీవుల మీద మొదటి దెబ్బ మాత్రం అప్పటికే పడింది.

కీమోథెరపీ తర్వాత పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను తిరిగి నిలబెట్టడం గురించి గత పదేళ్లలో వచ్చిన పరిశోధనలో ఎక్కువ భాగం ఫ్రాన్స్, అమెరికాలాంటి దేశాల ఆసుపత్రులది. అక్కడి ఫలితాలను ఇక్కడికి తెచ్చుకునేటప్పుడు పైన చెప్పిన క్రమాన్ని పక్కన పెట్టి చదివితే లెక్క తప్పుతుంది. ఎందుకు తప్పుతుందో తెలియాలంటే ముందు పేగుల్లో జరిగేదేమిటో కొంత వివరంగా చూడాలి.

మనిషి శరీరంలో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో వేసిన ఒక అంచనా. వాటిలో అత్యధికం పెద్దపేగులోనే నివసిస్తాయి. ఫీకలిబ్యాక్టీరియం, రోజ్‌బ్యూరియా, బ్లౌషియా వంటి జాతులు మనం అరిగించుకోలేని పీచును పులియబెట్టి బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాన్ని తయారు చేస్తాయి. పెద్దపేగు లోపలి పొర కణాలకు కావలసిన శక్తిలో దాదాపు 70 శాతం ఈ బ్యూటిరేట్ నుంచే వస్తుంది. ఆ కణాలు బ్యూటిరేట్‌ను మండించే క్రమంలో తమ దగ్గరికి చేరిన ఆక్సిజన్‌ను కూడా వాడేస్తాయి కనుక పేగు లోపల ఆక్సిజన్ దాదాపు ఉండదు. ఆక్సిజన్ గిట్టని మంచి జాతులకు అదే అనువైన చోటు. ఈ చక్రం తెగితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. బ్యూటిరేట్ తగ్గిన కొద్దీ పొర కణాలు ఆక్సిజన్‌ను పూర్తిగా వాడుకోలేవు, అది లోపలికి ఊరుతుంది, ఆక్సిజన్ ఉన్నా లేకున్నా బతకగలిగే ఈ.కోలై, క్లెబ్సియెల్లా వంటివి అదను చూసుకొని పెరుగుతాయి. మామూలు రోజుల్లో అవి పేగులో మూలకు పడి ఉండే మైనారిటీ. సందు దొరికితే ఇల్లంతా వాటిదే.

తీవ్ర మైలాయిడ్ లుకేమియాకు 1970ల నుంచి నడుస్తున్న ప్రధాన చికిత్సను వైద్యులు '7+3' అని పిలుస్తారు. సైటరాబిన్‌ను ఏడు రోజులు, డౌనోరూబిసిన్ లేదా అటువంటి మరో మందును మూడు రోజులు ఎక్కిస్తారు. వేగంగా విభజన చెందే కణాలను చంపడం ఈ మందుల పని. లుకేమియా కణాలతో పాటు అంతే చురుగ్గా విభజన చెందేవి ఎముక మూలుగలోని ఆరోగ్యకర కణాలు, నోటి నుంచి మలద్వారం దాకా ఉన్న లోపలి పొర కణాలు. నోట్లో పుండ్లు, విరేచనాలు అందుకే వస్తాయి. అదే సమయంలో న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు మైక్రోలీటరుకు 500 కంటే కిందికి పడిపోతాయి. రోగుల కుటుంబాలు 'కౌంట్స్ పడిపోయినయ్' అనేది ఈ దశనే. అవి కోలుకోవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఒకవైపు గోడకు పగుళ్లు, మరోవైపు కాపలాదారులు లేరు, లోపల చూస్తే హానికర బ్యాక్టీరియా బలం పుంజుకుంటోంది. ఈ మూడూ కలిసిన రోజుల్లో రక్తంలోకి దిగే క్రిములు చాలాసార్లు బయటి నుంచి వచ్చినవి కావు, రోగి పేగుల్లోంచి వచ్చినవే.

జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటగానే కారణం తేలకముందే పిపరాసిలిన్-టాజోబాక్టమ్, సెఫెపిమ్, మెరోపెనెమ్ వంటి విస్తృత శ్రేణి యాంటీబయాటిక్‌లను గంటలోపు మొదలు పెట్టడం ప్రమాణ పద్ధతి. ప్రాణం నిలిపే పద్ధతి కూడా అదే. దీనిలో వాదనకు తావు లేదు. అయితే బ్యూటిరేట్ తయారు చేసే జాతులను ఊడ్చేసే పని కీమో మందుల కంటే ఈ యాంటీబయాటిక్‌లే ఎక్కువగా చేస్తాయి. అమెరికాలోని హ్యూస్టన్‌లో 7+3 తరహా తొలి విడత కీమో తీసుకుంటున్న 34 మంది రోగుల మలాన్ని వరుసగా పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, మెరోపెనెమ్ లాంటి కార్బపెనెమ్ వర్గపు మందులు 72 గంటలకు మించి వాడినవారిలో బ్యాక్టీరియా వైవిధ్యం గణనీయంగా పడిపోయింది. చికిత్స మొదట్లోనే వైవిధ్యం తక్కువగా ఉన్నవారికి ఆ తర్వాత ఇన్ఫెక్షన్లు ఎక్కువగా వచ్చాయని కూడా అందులోనే తేలింది. ఆర్‌ఎంపీ సూదితో మొదలైన కథకు ఈ రెండో వాక్యమే నేరుగా తగులుతుంది.

ఎముక మూలుగ మార్పిడి చేయించుకున్నవారి విషయంలో ఆధారం ఇంకా పెద్దది. న్యూయార్క్, నార్త్ కరోలినాలోని డర్హమ్, జర్మనీలోని రేగెన్స్‌బర్గ్, జపాన్‌లోని సపోరో నగరాల్లోని నాలుగు కేంద్రాల నుంచి 1,362 మంది రోగుల 8,767 మల నమూనాలను పరిశీలించిన అధ్యయనం 2020లో వచ్చింది. ఆహారం, వాతావరణం, వైద్య పద్ధతులు వేరైనా నాలుగు చోట్లా ఒకే ధోరణి కనిపించింది: పేగుల్లో వైవిధ్యం తక్కువైనవారిలో మరణాలు ఎక్కువ. ఒక్కో రోగిలో ఎంటరోకాకస్ లాంటి ఒకే జాతి పేగునంతా ఆక్రమించుకున్న దృశ్యం పదేపదే కనిపించింది. అయితే వైవిధ్యం తగ్గడం వల్లే మరణాలు పెరిగాయా, లేక ఎక్కువ జబ్బుపడినవారికి ఎక్కువ యాంటీబయాటిక్‌లు పడి వైవిధ్యం కూడా తగ్గిందా అన్న ప్రశ్నకు ఇటువంటి పరిశీలన ఒక్కటే జవాబు చెప్పలేదు. పోయినదాన్ని తిరిగి పెట్టి చూసే ప్రయోగాలు అవసరమైంది అందుకే.

పేగులు వాటంతట అవే కోలుకోవా అన్న అనుమానం సహజం. కోలుకుంటాయి, పూర్తిగా మాత్రం కాదు. 12 మంది ఆరోగ్యవంతులైన పురుషులకు నాలుగు రోజుల పాటు మెరోపెనెమ్‌తో సహా మూడు బలమైన యాంటీబయాటిక్‌లు ఇచ్చి చూసిన డెన్మార్క్ పరిశోధకులు, నెలన్నరలో పేగులు దాదాపు పూర్వస్థితికి వచ్చాయని, కానీ అంతకుముందు అందరిలో ఉన్న 9 జాతులు 180 రోజుల తర్వాత కూడా కనిపించలేదని 2018లో రాశారు. నాలుగు రోజుల మందుకు, ఏ జబ్బూ లేని మనుషుల్లో ఇదీ పరిస్థితి. లుకేమియా రోగికి నెలన్నర వ్యవధే దొరకదు. తొలి విడత అయిన కొద్ది వారాలకే అధిక మోతాదు సైటరాబిన్‌తో తదుపరి విడతలు మొదలవుతాయి, ప్రతి విడతలో మళ్లీ కౌంట్స్ పడిపోవడం, మళ్లీ జ్వరం, మళ్లీ యాంటీబయాటిక్‌లు.

ఆరోగ్యకర మలాన్ని శుద్ధి చేసి రోగి పేగుల్లోకి ఎక్కించే మల మార్పిడి చికిత్స వినగానే ముఖం చిట్లించుకునేలా ఉన్నా, దాని చరిత్ర చిన్నది కాదు. నాలుగో శతాబ్దపు చైనా వైద్యుడు గె హాంగ్ విషాహారం తిన్నవారికి, తీవ్ర విరేచనాలతో ఉన్నవారికి మల ద్రవాన్ని తాగించినట్టు రాశాడు. ఆధునిక వైద్యంలో 1958లో అమెరికాలోని డెన్వర్ వైద్యులు నలుగురు రోగులకు ఎనిమా రూపంలో వాడారు. క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే క్రిమి వల్ల పదేపదే వచ్చే విరేచనాలకు ఇది యాంటీబయాటిక్ కంటే మెరుగని 2013లో నెదర్లాండ్స్ ప్రయోగం నిరూపించింది. ఆ ఒక్క జబ్బు కోసమే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022 నవంబర్‌లో రెబయోటా అనే ఎనిమా మందుకు, 2023 ఏప్రిల్‌లో వౌస్ట్ అనే గుళికలకు అనుమతి ఇచ్చింది. మన దేశంలో పంజాబ్‌లోని లూధియానాలో దయానంద్ వైద్య కళాశాల వైద్యులు పెద్దపేగు పూతకు, అంటే అల్సరేటివ్ కోలైటిస్‌కు, ఈ చికిత్స చేసి ఫలితాలు ప్రచురించారు. లుకేమియా రోగులది వీటన్నిటికీ భిన్నమైన సమస్య. అక్కడ ఒక జబ్బును నయం చేయడానికి మార్పిడి. ఇక్కడ రాబోయే ప్రమాదాన్ని తప్పించడానికి.

ఫ్రాన్స్ పరిశోధకులు ఎంచుకున్న మార్గం రోగి సొంత మలాన్నే దాచుకోవడం. జబ్బు నిర్ధారణ కాగానే, తొలి విడత కీమో మొదలయ్యే ముందే మలాన్ని సేకరించి అతిశీతల ఫ్రీజర్‌లో భద్రపరచి, చికిత్స అయి తెల్లకణాలు కోలుకున్నాక తిరిగి ఎనిమాగా ఇచ్చారు. పొలం మునిగే ముందు విత్తనాలు అటక మీద దాచుకోవడం లాంటి పని ఇది. 2021లో ప్రచురితమైన ఈ ప్రయోగంలో 25 మంది రోగులు మార్పిడి పొందారు. వారి పేగుల్లో బ్యాక్టీరియా వైవిధ్యం చికిత్సకు ముందున్న స్థాయికి చేరువైంది. క్రిములను మందులకు లొంగకుండా చేసే జన్యువుల సంఖ్య కూడా తగ్గింది. చెడు ప్రభావాలు పెద్దగా లేవు. అయితే ఇందులో మార్పిడి పొందని మరో వర్గాన్ని పోల్చడానికి పెట్టుకోలేదు కనుక, అంతా మార్పిడి పుణ్యమేనని అనడానికి వీల్లేదు. న్యూయార్క్‌లో మూలుగ మార్పిడి చేయించుకున్న 25 మందిలో 14 మందికి సొంత మలాన్ని తిరిగి ఎక్కించి, మిగతా 11 మందితో పోల్చి 2018లో ప్రచురించిన అధ్యయనంలోనూ మల మార్పిడి పొందినవారి పేగులే ముందు కోలుకున్నాయి.

ఇంతవరకు చదివితే సమస్య తీరిందనిపిస్తుంది. 2023లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఫలితం ఆ ఉత్సాహానికి కళ్లెం వేసింది. మూలుగ మార్పిడి రోగులు, తీవ్ర మైలాయిడ్ లుకేమియా రోగులు కలిపి 100 మందితో, ఎవరికి అసలు గుళిక ఇచ్చారో ఎవరికి ఉత్తి గుళిక ఇచ్చారో రోగికీ వైద్యుడికీ తెలియకుండా నడిపిన ప్రయోగమిది. గుళికల్లో ఉన్నది ఆరోగ్యవంతులైన దాతల మలం నుంచి తీసిన బ్యాక్టీరియా. గుళికలు వాడినవారి పేగుల్లో వైవిధ్యం మెరుగుపడింది, పోయిన మంచి జాతులు కొన్ని తిరిగి వచ్చాయి. కానీ ఆ తర్వాత నాలుగు నెలల్లో వచ్చిన ఇన్ఫెక్షన్ల సంఖ్యలో మాత్రం రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రయోగం ముందుగా పెట్టుకున్న ప్రధాన లక్ష్యమే ఇన్ఫెక్షన్లు తగ్గడం. అంటే పేగుల నివేదిక బాగుపడింది, రోగి పరిస్థితిలో మార్పు కనిపించలేదు.

ఈ ఎడానికి కారణాలు వెతికితే కాలం సంగతే ముందుగా కనిపిస్తుంది. ఫ్రాన్స్, న్యూయార్క్ ప్రయోగాల్లో మార్పిడి చేసింది తెల్లకణాలు కోలుకున్నాకనే. కౌంట్స్ సున్నాకు దగ్గరగా ఉన్న రోజుల్లో, పేగు పొర పుండుబడి ఉండగా, కోట్లాది బతికున్న బ్యాక్టీరియాను లోపలికి పంపడానికి ఏ వైద్యుడూ తొందరపడడు. కానీ ప్రాణాపాయ ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం వచ్చేది ఆ రోజుల్లోనే. కాపలా అవసరమైన రాత్రి గడిచిపోయాక తెల్లవారి కాపలాదారును పెట్టినట్టు అవుతోంది. మార్పిడి వల్ల లాభం ఉంటే అది తర్వాతి విడతలో కనిపించాలి. ఆ విడతలో మళ్లీ యాంటీబయాటిక్ పడితే కొత్తగా నాటిన మొక్కలూ పోతాయి. పైగా ఇన్ఫెక్షన్ అనగానే అన్నీ పేగుల నుంచి వచ్చేవి కావు. ఊపిరితిత్తుల్లో బూజు, ఛాతీలో పెట్టిన క్యాథెటర్ గొట్టం దగ్గర చర్మపు క్రిములు కూడా అదే లెక్కలోకి వస్తాయి, వాటిని పేగుల్లోని మార్పిడి ఆపలేదు. ఇంతకంటే వివరణ సాగదీస్తే అది ఊహే అవుతుంది.

దాత మలానికి ఉన్న ప్రమాదం ఊహ కాదు. 2019లో అమెరికాలో ఒకే దాత నుంచి తయారైన గుళికలు వాడిన ఇద్దరు రోగులకు ఈఎస్‌బీఎల్ రకం ఈ.కోలై, అంటే చాలా యాంటీబయాటిక్‌లను చిత్తు చేయగల ఎంజైమ్ ఉన్న ఈ.కోలై, రక్తంలోకి చేరింది. వారిలో మూలుగ మార్పిడి చేయించుకున్న రోగి చనిపోయాడు. ఆ గుళికలను ఈ క్రిమి కోసం పరీక్షించే నిబంధన రాకముందే తయారు చేసి దాచారు. ఆ తర్వాత అక్కడ దాతల మలాన్ని మందులకు లొంగని క్రిముల కోసం పరీక్షించడం తప్పనిసరి అయింది.

ఈ నిబంధనను వరంగల్‌లో అమలు చేయడం గురించి ఆలోచించినప్పుడు అసలు చిక్కు బయటపడుతుంది. ఫ్రీజర్ సమస్య కాదు. కాకతీయ వైద్య కళాశాల ల్యాబ్‌లో కోవిడ్ కాలంలో ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షలు నడిచాయి. అటువంటి ల్యాబ్‌లకు మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ కొత్త వస్తువు కాదు. దాచాల్సిన సరుకే సమస్య. ఈఎస్‌బీఎల్ క్రిములు భారతదేశంలో ఏ జబ్బూ లేని మనుషుల పేగుల్లో కూడా విస్తారంగా ఉన్నాయి. కార్బపెనెమ్‌లను సైతం నిర్వీర్యం చేసే ఎన్‌డీఎం-1 ఎంజైమ్‌ను తొలిసారి గుర్తించింది భారత్‌లో చికిత్స పొంది వెళ్లిన స్వీడన్ రోగిలోనే. 2011లో ఢిల్లీ కుళాయి నీటిలోనూ వీధి మడుగుల్లోనూ ఆ జన్యువు దొరికింది. మన రాష్ట్రంలోనే పటాన్‌చెరు దగ్గర మందుల పరిశ్రమల వ్యర్థ జలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు కనుగొన్నారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. ఇటువంటి నేల మీద 'ఆరోగ్యవంతుడైన దాత' అన్న మాటకు అర్థం కొంత మారుతుంది. మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు. అతని మలం కౌంట్స్ లేని రోగికి పనికిరాకపోవచ్చు.

దాతతో పని లేకుండా ఫ్రాన్స్ పద్ధతిలో రోగి సొంత మలమే దాచుకోవచ్చు కదా అంటే, అక్కడే మొదటి పేరాలో చెప్పిన యాంటీబయాటిక్‌ల వరుస అడ్డం పడుతుంది. సొంత మల మార్పిడి విలువంతా దాచిన నమూనా దెబ్బతినక ముందుది కావడంలో ఉంది. లెవోఫ్లాక్సాసిన్, సెఫిక్సిమ్ మాత్రలు, సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ల తర్వాత దాచిన మలం అప్పటికే సగం ఖాళీ అయిన పేగు నమూనా. అందులో మిగిలినవి ఆ మందులను తట్టుకున్నవి, అంటే ఎవరిని తరిమేయాలనుకుంటున్నామో సరిగ్గా వారే. ఈ మూడు మందులూ షెడ్యూల్ హెచ్1లో ఉన్నవే. 2014 మార్చి 1 నుంచి వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదని, చీటీ మీద అమ్మినప్పుడు కూడా రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలని నిబంధన. పల్లెల్లో ఆ నిబంధన ఎంత నడుస్తోందో మందుల దుకాణం గడప తొక్కిన ఎవరికైనా తెలుసు. ఆర్‌ఎంపీ మీద తప్పంతా తోసేయడం మాత్రం న్యాయం కాదు. సాయంత్రం ఆరు దాటితే ఊళ్లో దొరికే వైద్యం అతనొక్కడే, మలేరియా, టైఫాయిడ్ ఉన్న ప్రాంతంలో జ్వరానికి మందివ్వకుండా పంపితే మరోచోటికి వెళ్తారు. వారం దాటిన జ్వరానికి, చర్మం మీద ఎర్రని చుక్కలకు, చిగుళ్ల రక్తస్రావానికి, మనిషి పాలిపోవడానికి మరో యాంటీబయాటిక్ రాసే ముందు తక్కువ ఖర్చుతో అయ్యే సంపూర్ణ రక్తకణాల పరీక్ష చేయిస్తే చాలు. ఆ ఒక్క కాగితం ఏ మార్పిడి కంటే ముందుగా పేగులను కాపాడుతుంది.

ఇంటికి వచ్చాక రోగి కుటుంబం అడిగే మొదటి ప్రశ్న మార్పిడి గురించి కాదు, పెరుగు గురించి. మంచి బ్యాక్టీరియా అంటే పెరుగే గుర్తుకొస్తుంది, మందుల దుకాణంలో దొరికే ప్రోబయాటిక్ పొట్లాలు కూడా అదే భరోసాతో అమ్ముడవుతాయి. పెరుగులోని లాక్టోబాసిల్లస్ వర్గానికీ, కీమోతో పోయిన బ్యూటిరేట్ జాతులకూ సంబంధం లేదు; పోయింది మర్రిచెట్టు అయితే తెచ్చి నాటుతున్నది తులసి మొక్క. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ 2018లో ప్రచురించిన ప్రయోగం ఇంకొంచెం ఇబ్బంది పెట్టే సంగతి చెప్పింది. యాంటీబయాటిక్‌లు వాడిన 21 మంది ఆరోగ్యవంతులను మూడు వర్గాలుగా విడదీసి చూస్తే, సొంత మలం తిరిగి తీసుకున్నవారి పేగులు రోజుల్లో కోలుకున్నాయి. ఏమీ తీసుకోనివారివి కొంత ఆలస్యంగా కోలుకున్నాయి. ప్రోబయాటిక్‌లు తీసుకున్నవారివి అందరికంటే ఆలస్యమయ్యాయి. వచ్చిన అతిథులు ఇంటివాళ్లను లోపలికి రానివ్వలేదన్నమాట. ఆరోగ్యవంతుల్లో అది ఆలస్యం మాత్రమే. కౌంట్స్ లేని రోగిలో ఆ బతికున్న క్రిములే రక్తంలోకి దిగి జ్వరం తెప్పించిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో నమోదై ఉన్నాయి. కనుక కౌంట్స్ కోలుకునే దాకా ప్రోబయాటిక్ పొట్లాన్ని వైద్యుడిని అడగకుండా ముట్టుకోకపోవడమే సరి.

పాల చక్కెర అయిన లాక్టోజ్ విషయంలో ఒక ఆసక్తికరమైన ఆధారం ఉంది. మూలుగ మార్పిడి తర్వాత ఎంటరోకాకస్ పెరుగుదలకు లాక్టోజ్ మేతగా పనికొస్తోందని 2019లో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనం ఎలుకల్లో చూపింది. లాక్టోజ్ లేని మేత పెడితే ఆ పెరుగుదల తగ్గింది. పెద్దయ్యాక లాక్టోజ్‌ను సరిగా అరిగించుకోలేని మనుషుల్లో యాంటీబయాటిక్‌ల తర్వాత ఎంటరోకాకస్ తొందరగా తగ్గుముఖం పట్టలేదని కూడా గమనించారు. దక్షిణాదివారిలో అలా అరిగించుకోలేనివారు ఎక్కువ. ఇది చూసి పాలు, పెరుగు, చల్ల అన్నీ మానేయమనడానికి ఆధారం చాలదు. కానీ నీరసంగా ఉన్నాడని రోజుకు లీటరు పాలు తాగించే ఇళ్లకు, తాగిన వెంటనే కడుపు ఉబ్బి విరేచనాలైతే వైద్యుడికి చెప్పాలన్న మాట పనికొస్తుంది.

తిండి గురించి మిగతాది చికిత్స గది గోడ మీది పోస్టరు చెప్పినంత కఠినంగా ఉండనక్కరలేదని పరిశోధన చూపుతోంది. కౌంట్స్ లేని రోగికి పచ్చి కూరగాయలు, పండ్లు పూర్తిగా మాన్పించే ఆహార నియమాన్ని హ్యూస్టన్ వైద్యులు 153 మంది లుకేమియా రోగుల్లో పరీక్షించి, పెద్ద ఇన్ఫెక్షన్ల విషయంలో తేడా లేదని 2008లో తేల్చారు. ఇటలీలో 200 మందికి పైగా రోగులతో జరిగి 2023లో వచ్చిన ప్రయోగమూ అదే చెప్పింది. అయితే ఆ రోగులు తిన్న పండ్లను కడిగింది శుద్ధమైన నీటితో. బిందెలో రెండు రోజులుగా నిలవ ఉన్న నల్లా నీళ్లతో కడిగిన జామకాయకు ఆ హామీ వర్తించదు. పచ్చివి వద్దనడానికి ఇక్కడ కారణం నీళ్లు. కాచి చల్లార్చిన నీళ్లు, తొక్క తీసుకొని తినే అరటి, బాగా ఉడికించిన కూర, జొన్న గట్క, పెసరపప్పు వేసిన మెత్తని అన్నం ఇవన్నీ పీచునూ, పెద్దపేగు దాకా అరగకుండా చేరే పిండి పదార్థాన్నీ అందిస్తాయి; బ్యూటిరేట్ జాతులకు తిండి అదే. మిషిగన్‌లో మూలుగ మార్పిడి రోగులు పదిమందికి అరగని బంగాళాదుంప పిండి ఇచ్చి చూసినప్పుడు పేగుల్లో బ్యూటిరేట్ పెరిగినట్టు 2023లో తేలింది. సద్దన్నంలో కూడా అరగని పిండి ఉంటుంది, మామూలు రోజుల్లో అది మంచి తిండే; రాత్రంతా పులిసిన అన్నంలో ఏయే క్రిములు పెరిగాయో తెలియదు గనుక కౌంట్స్ వచ్చే దాకా దాన్ని ఆపాలి. ఏమీ తినలేక వారాల తరబడి సెలైన్ మీదే ఉండటం మాత్రం పేగులకు అన్నిటికంటే చేటు. పీచు అందని బ్యాక్టీరియా పేగు గోడ మీది జిగురు పొరనే తినడం మొదలుపెడుతుంది. ఆకెర్‌మాన్సియా వంటి జిగురు తినే జాతులు పెరిగిన రోగుల్లో కౌంట్స్ లేని రోజుల్లో జ్వరాలు ఎక్కువని 2022 నాటి పరిశోధన సూచించింది. నోటి పుండ్లతో ఉన్న మనిషి చేత రెండు చెంచాల జావ తాగించడానికి ఇంటివాళ్లు పడే తిప్పలకు ఇంత లోతైన అర్థం ఉంది.

ఆసుపత్రి చేతిలో ఉన్న అసలైన మీట యాంటీబయాటిక్‌ను ఎప్పుడు ఆపాలన్నది. కౌంట్స్ పెరిగే దాకా ఆపకూడదన్నది పాత అలవాటు. దాని వల్ల మెరోపెనెమ్ రెండు మూడు వారాలు నడుస్తుంది. స్పెయిన్‌లోని ఆరు ఆసుపత్రుల్లో 157 మంది రోగులతో జరిగి 2017లో వెలువడిన ప్రయోగంలో, జ్వరం తగ్గి 72 గంటలు గడిచి, రోగి కోలుకున్నట్టు కనిపిస్తే కౌంట్స్ తక్కువగా ఉన్నా మందు ఆపేశారు. మందు వాడిన రోజులు తగ్గాయి, మరణాలు పెరగలేదు. నెదర్లాండ్స్‌లో తర్వాత జరిగిన మరో ప్రయోగం కూడా, ఏ క్రిమీ దొరకని జ్వరానికి కార్బపెనెమ్‌ను మూడు రోజులతో ఆపవచ్చన్న వైపే మొగ్గింది. అయితే ఈ ధైర్యం చేయాలంటే రోగి వార్డులోనే ఉండాలి, రక్తంలో క్రిములు ఉన్నాయేమో పెంచి చూసే బ్లడ్ కల్చర్ నివేదిక సకాలంలో రావాలి, మళ్లీ జ్వరం వస్తే గంటలోపు మందు ఎక్కించే నర్సు దగ్గరుండాలి. మందులకు లొంగని క్లెబ్సియెల్లా తిరిగే వార్డులో వైద్యుడు మందు ఆపడానికి జంకితే తప్పు పట్టలేం. చికిత్సకు ముందే మలద్వారం దగ్గర స్వాబ్ తీసి కార్బపెనెమ్‌లకు లొంగని క్రిములు ఉన్నాయా లేవా అని చూసుకుంటే, ఎవరి విషయంలో ఆపవచ్చో ఎవరి విషయంలో జాగ్రత్తపడాలో కొంత తెలుస్తుంది. ఇది మల మార్పిడి కంటే ఎన్నో రెట్లు చవక.

వరంగల్ రోగికి దీనిలో మరో చిక్కు, దూరం. విడతల మధ్య ఇంటికి వచ్చినప్పుడు జ్వరం వస్తే హైదరాబాద్ సుమారు 145 కిలోమీటర్లు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెరిగింది, అయినా రాత్రి పదకొండు గంటలకు అంబులెన్సు మాట్లాడుకొని బయలుదేరే లోపు మొదటి ఇంజెక్షన్ ఇచ్చేది దగ్గరలోని ఆసుపత్రే. ఇవ్వాలి కూడా, ఆ సమయంలో పేగుల గురించి ఆలోచించి ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఇవ్వకముందు రెండు సీసాల్లో బ్లడ్ కల్చర్‌కు రక్తం తీయడం, ఏ మందు ఎంత మోతాదు ఏ వేళకు ఇచ్చారో చీటీ మీద రాసి పంపడం అనే రెండు చిన్న పనులు జరిగితే, మర్నాడు హైదరాబాద్ వైద్యుడు చీకట్లో మరింత పెద్ద మందు ఎంచుకోవలసిన అవసరం తగ్గుతుంది. కల్చర్‌లో ఏమీ పెరగకపోతే మూడో రోజున ఆపే ధైర్యం కూడా వస్తుంది.

మార్పిడి ప్రయోగాలు మన దగ్గర జరగకూడదని కాదు. మూలుగ మార్పిడి తర్వాత దాత కణాలు రోగి పేగుల మీదే దాడి చేసే తీవ్రమైన జీవీహెచ్‌డీ జబ్బులో, స్టెరాయిడ్లకూ రుక్సోలిటినిబ్ అనే మందుకూ లొంగని 66 మందికి పలువురు దాతల మలం కలిపి తయారు చేసిన మందు ఇస్తే 28వ రోజుకు 62 శాతం మంది పేగులు స్పందించినట్టు 2025 జనవరిలో ఫ్రాన్స్ నుంచి వార్త వచ్చింది. పోలికకు వేరే వర్గం లేకపోయినా, మరో దారి మిగలని రోగుల్లో అది చిన్న సంఖ్య కాదు. ఉత్తర తెలంగాణ రోగుల కోసం ప్రయోగం రూపొందిస్తే మాత్రం దాని మొదటి ప్రశ్న వేరుగా ఉండాలి: జబ్బు తేలిన రోజున రోగి పేగుల్లో ఏమి మిగిలి ఉంది? మూలుగ పరీక్షకు సూది గుచ్చిన రోజే ఒక డబ్బాలో మలం తీసి, అప్పటిదాకా వాడిన మందుల చీటీలన్నీ జత చేసి దాచిపెట్టడానికి కొత్త యంత్రమేదీ అక్కరలేదు. అటువంటి నమూనాలు కొన్ని వందలు పోగైతే, సొంత మలం దాచుకోవడానికి పనికొచ్చేవారు వందలో ఎందరో, వారు ఏ దారిన ఎన్ని రోజులకు ఆసుపత్రి చేరినవారో తేలుతుంది.